కింది తలుపు

మా బావ కాలవ లస్కరు. కాలవ రెండుగా చీలే చోట తూము దగ్గర కూర్చుని, ఆఫీసు వాళ్ళు ఎత్తమన్నప్పుడు తలుపు ఎత్తి, దించమన్నప్పుడు దించడం ఆయన ఉద్యోగం. చెప్పుకోవడానికి ఇంతే. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు ఊరికే అనలేదు. పైన ఎంత వాన కురిసినా, ఎన్ని సంతకాలు జరిగినా, ఆఖరికి ఆ మర తిప్పాల్సింది మా బావ చేతులే. అందుకే చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని పేరుతో ఎవరూ పిలవరు, నీళ్ళాయన అంటారు. ఎవరింట్లో పెళ్ళయినా ముందు వరసలో కుర్చీ వేస్తారు. మా అక్కను చేసుకున్నప్పటి నుంచీ ఆ కుర్చీ ఆయన నడుముకు అంటుకుపోయిందని నేను ఏడిపిస్తుంటాను. బావమరిదిని, ఆ మాత్రం హక్కు నాకుంది.

తూముకు రెండు తలుపులు. పై తలుపు ఎత్తితే నీళ్ళు పక్కనే ఉన్న ఊళ్ళకు పోతాయి. వాటిని పై ఊళ్ళంటాం. కింది తలుపు ఎత్తితే నీళ్ళు చాలా దూరం నడిచి, మధ్య ఊళ్ళు దాటి, చివరికి శివారుకు చేరతాయి. మా బావ ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఈ రెండింట్లో దర్జా అంతా శివారుదే. అక్కడిది నల్లరేగడి. ఒకసారి తడిపితే నెలల తరబడి చెమ్మ పట్టి ఉంచుకునే నేల. వానాకాలం ఒక పంట, కాలవ నీళ్ళు నాలుగు తడులు పెట్టి రెండో పంట, ఆపైన వేసవంతా నేల విశ్రాంతిగా ఎండలో పడుకునేది. పై ఊళ్ళది ఇసక నేల. ఎన్ని నీళ్ళు పోసినా జల్లెడలో పోసినట్టే. ఒక పంట పండించి, మిగతా ఏడాది కూలికి శివారు పోయేవాళ్ళు. అందుకే మా బావ కూతుర్ని శివారుకిచ్చాడు. "అందరూ మేడను చూసి పిల్లనిస్తారురా, నేను నేలను చూసి ఇచ్చాను" అని చెప్పుకోని పెళ్ళి పందిరి లేదు.

ఆ నేల అక్కడే ఉంది, ఆ కాలవా ఇక్కడే ఉంది. మధ్యలో మారినవి వేరే. మూడు నెలల్లో కోతకొచ్చే విత్తనాలు వచ్చాయి. కాలవకు దగ్గరని పై ఊళ్ళలో మిల్లు కట్టారు. మిల్లుందని అక్కడికే కోత మిషను వచ్చింది. మిషనుంటే పొద్దున కోసి సాయంత్రానికి మళ్ళీ దమ్ము చెయ్యొచ్చు గనక మూడో పంటకు నీళ్ళు కావాలన్నారు. భూమి ఉన్నవాళ్ళు పట్నంలో ఇళ్ళు కట్టుకుని పొలాలు కౌలుకిచ్చేశారు. ఏడాది కౌలుకు తీసుకున్నవాడు నేలకు సెలవు ఎందుకిస్తాడు? వచ్చే ఏడు అది ఎవడి చేతిలో ఉంటుందో వాడికే తెలియదు. పిండిన కొద్దీ పిండుతాడు. ఇసక నేలకు బస్తాల కొద్దీ ఎరువు పోసి మూడు పంటలు తీయించారు. ఆ నేలను చూస్తే నాకు జాలే వేస్తుంది. ఒక పైరు మోళ్ళు ఎండకముందే ఇంకో పైరు నారు వచ్చి నెత్తిన కూర్చుంటుంది.

పైన మూడో పంట మొదలయ్యాక కింద రెండో పంట ఆగిపోయింది. ఆఫీసు వాళ్ళు మొదట కింది తలుపు సగం ఎత్తమన్నారు, తరవాత బెత్తెడు, ఆ తరవాత అసలు ఎత్తమని చెప్పడమే మానేశారు. శివారు వాళ్ళు బావులు లోతు చేశారు, బోర్లు వేశారు, ఉప్పు నీళ్ళు పడ్డాయి. నాది మోటార్ల షెడ్డు. పై ఊళ్ళ మోటార్లు ఏడాదికోసారి కూడా నా దగ్గరికి రావు. నా పొట్ట నింపేదంతా శివారు మోటార్లే. నీళ్ళందక గాలి పీల్చి, వేడెక్కి, వైండింగు మాడ్చుకుని వస్తాయి. అయినా బస్సుల్లో, టీ కొట్ల దగ్గర అందరూ అనే మాట ఒకటే. శివారు వాళ్ళు ఒకే పంట వేసి కాళ్ళు బార్లా చాపుకుంటారు, ఒళ్ళు వంగదు అని. మా బావ కూడా అన్నాడు, నా ముందే, కూతుర్ని అక్కడే ఇచ్చి పెట్టుకుని. నాకు ఒళ్ళు మండింది.

"ఏం బావా, తలుపు మూసేది నువ్వు, ఒళ్ళు వంగనిది వాళ్ళకా?" అన్నాను.

"నేను మూయడం లేదురా. ఆర్డరు మూస్తోంది" అన్నాడు.

ఆర్డరు లేకపోయినా ప్రతి పంటకారుకూ కింది తలుపు మరకు గ్రీజు పెట్టేవాడు. తుప్పు గీకేవాడు, చుట్టూ గడ్డి పీకేవాడు. రేపే ఎత్తమంటారేమో అన్నట్టుండేది ఆ తలుపు. అక్కణ్ణుంచి వంతెన దాకా కాలవ గట్టు కూడా తనే చూసుకునేవాడు. వంతెన దాకానే ఆయన హద్దు. అది దాటాక ఇంకో లస్కరు ఉండేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ ఉద్యోగంలో ఎవర్నీ వెయ్యలేదు. శివారుకు పోవాలంటే బస్సు వేరే దారిన చుట్టు తిరిగి పోతుంది. కూతురి ఊళ్ళో దిగితే అక్కడి కాలవ గడ్డి మొలిచి, గట్లు నిలిచి, బాగానే కనిపిస్తుంది. ఇటు చివరా ఉంది, అటు చివరా ఉంది. మధ్యలో కూడా ఉందనే ఆయన అనుకున్నాడు. నన్నడిగినా నేనూ అదే చెప్పేవాణ్ణి.

అల్లుడి సంగతి చెప్పాలి. మాట తక్కువ మనిషి. ఊరంతా వేసవిలో నేల వదిలేస్తే, అతను మాత్రం ప్రతి ఏడూ వానాకాలం పంట తియ్యగానే ఆ మిగిలిన చెమ్మ మీద మొక్కజొన్న వేసేవాడు. ఒక్క అకాల వాన పడితే గింజ పట్టేది, పడకపోతే పశువులకు మేతయ్యేది. మామగారు తూము దగ్గరే ఉన్నాడు గదా, ఒక్క మాట అడగొచ్చు గదా అని ఊళ్ళో ఎవరన్నా అంటే పలికేవాడు కాదు. మా బావకు ఇదే పుండు. వెళ్ళినప్పుడల్లా "ఏమల్లుడూ, చేను ఎలా ఉంది?" అనేవాడు. "బాగానే ఉంది మామయ్యా" అని అతను పశువుల కొట్టంలోకి పోయేవాడు. బస్సెక్కిన దగ్గర్నుంచీ బావ నా చెవి కోసేవాడు.

"అడగందే అమ్మైనా పెట్టదురా. మామయ్యా, ఒక్క తడి నీళ్ళిప్పించు అంటే వాడి సొమ్మేం పోయింది? నా ముందు తగ్గడం వాడికి నామోషీ."

"అడిగితే ఇస్తావా? ఆర్డరు లేదంటావుగా" అనేవాణ్ణి.

"ఇస్తానో ఇవ్వనో, అడిగితే గదా తెలిసేది" అనేవాడు. ఏళ్ళ తరబడి ఇదే పాట. అల్లుడి బెట్టు తలచుకుని తలచుకుని ఆయన కడుపులో చేదు పేరుకుంది. కూతురు కూడా నోరు విప్పి నీళ్ళమాట ఎత్తేది కాదు. మొగుడే నేర్పించి ఉంటాడని అనుకున్నాడు.

ఈ వేసవికి ముందు నన్ను వాళ్ళ బావి దగ్గరికి రమ్మన్నారు. మోటారు ఆగిపోతోందని. వెళ్ళి చూశాను. మోటారుకు ఏ రోగమూ లేదు. బావి అడుగున బురద ఉంది. పైపు చివరనుండే ఫుట్‌వాల్వు ఆ బురదలో కూరుకుని ఉంది. నీళ్ళు లేని దానికి రిపేరు నా దగ్గరేముంది? మొక్కజొన్న నడుమెత్తు పెరిగి, అప్పుడే కంకి వేస్తోంది. ఆకులు మధ్యాహ్నానికి చుట్టుకుపోతున్నాయి. ఒక్క మంచి తడి పడితే గింజ పాలు పోసుకుంటుంది, పడకపోతే కంకులు బోడివే. మా మేనకోడలు టీ తెచ్చి నా చేతికిచ్చి, గట్టు మీద కూర్చుంది.

"ఈ పంట కూడా పోతే ఇల్లు తాళం వేసేస్తాం మావయ్యా. పట్నంలో ఎవరో బిల్డింగు కడుతున్నారు. మా ఆయనకు అక్కడ కాపలా పనిస్తామన్నారు. నాకు ఇటుకలు మోసే పనట. అమ్మకు చెప్పొద్దు" అంది.

నల్లరేగడి చూసి ఇచ్చిన పిల్ల ఇటుకలు మొయ్యడానికి పోతోంది. చెప్పొద్దంటే మానడానికి నేను ఋషిని కాను. మర్నాడు అక్క వాళ్ళింట్లో అన్నం తింటూ చెప్పేశాను. అక్క వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"ఊరందరికీ నీళ్ళాయన. కన్నకూతురి చేలో మాత్రం చుక్క లేదు. పిడి తెచ్చి రోజూ ఇంట్లో మేకుకు తగిలిస్తావు, నాకు చూపించడానికా?" అంది మా బావతో. మర తిప్పే ఇనప పిడిని ఎవరూ ముట్టుకోకూడదని ఆయన సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటాడు.

"ఆర్డరు లేదే" అన్నాడు బావ.

"దాన్ని కన్నది ఆర్డరు కాదు, నేను" అంది అక్క.

బావ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నేనొక్కణ్ణే కూర్చుని తిన్నాను.

మర్నాడు ఆఫీసరు మీటింగుకు పట్నం పోయాడు. పై ఊళ్ళలో నాట్లు పూర్తయి, మళ్ళు నిండుగా ఉన్నాయి. ఒక పూట తగ్గినా వాళ్ళకు తెలియదు. పొద్దెక్కాక నేను తూము దగ్గరికి పోయేసరికి బావ పిడి బిగించి కింది తలుపు తిప్పుతున్నాడు. గ్రీజు పెట్టి పెట్టి ఉంచిన మర, బుద్ధిగల పిల్లలా మాట విన్నది. తలుపు కింద ముందు బురద కదిలింది, తరవాత చెత్త, ఆ తరవాత నీళ్ళు తోసుకుంటూ కాలవలోకి దూకాయి. బావ ముఖం చూసి నేను ఏ వేళాకోళమూ ఆడలేకపోయాను. పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చున్నప్పుడు కూడా అంత వెలిగిపోలేదు ఆ ముఖం.

పై ఊరి కౌలురైతు ఒకాయన బండి ఆపి, "ఏంటి నీళ్ళాయనా, కింది తలుపు ఎత్తావు?" అన్నాడు.

"బిగుసుకుపోతుందని ఆడించి చూస్తున్నా" అన్నాడు బావ, తడుముకోకుండా. ఉద్యోగంలో చేరాక ఆయన ఆడిన మొదటి అబద్ధం అదేనేమో. కంచే చేను మేసిందన్నమాట. నాకు మాత్రం ఆ కంచె మీద ముచ్చటే వేసింది.

బండి పోయాక బావ గట్టు మీద కూర్చుని కాళ్ళు చాపాడు. "రేపు పొద్దుటికల్లా అల్లుడి చేలో ఉంటాయి. అడగనివాడికి కూడా పెట్టే మామ ఉన్నాడని తెలియాలి" అన్నాడు. సాయంత్రం తలుపు అలాగే వదిలి, పిడి మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. అక్క ఆ పూట ఆయనకు కొసరి కొసరి వడ్డించింది.

తెల్లవారాక నా బండి మీద బయల్దేరాం. బస్సు దారిన వద్దన్నాడు. నీళ్ళ వెంబడే, గట్టు మీద నుంచే పోదామన్నాడు. అల్లుడి చేలోకి నీళ్ళు దిగుతుంటే చూడాలని ఆయన కోరిక. వంతెన దాకా కాలవ నిండుగా, పద్ధతిగా పోతోంది. వంతెన దాటాక గట్టు మీద ముళ్ళకంప అడ్డం వచ్చింది. బండి అక్కడే పెట్టి నడిచాం. కొంతదూరం పోయాక ఎడమ గట్టు సన్నబడి, తరవాత లేదు. ఇంకాస్త పోయాక కుడి గట్టూ లేదు. మా ముందు మొక్కజొన్న చేను. నీళ్ళు ఆ సాళ్ళలోకి దూరి, ఎటు పోవాలో తెలియనట్టు నలుదిక్కులా పరుచుకుని ఉన్నాయి.

బావ నిలబడిపోయాడు. చేతికర్రతో నేలను పొడిచి చూశాడు, మెత్తటి ఒండ్రు. ఇన్నేళ్ళ కాలవ గర్భంలో పేరుకున్న ఒండ్రు కంటే మంచి నేల ఈ చుట్టుపక్కల ఎక్కడుంటుంది? నీళ్ళు రావని తేలగానే పక్క చేలవాళ్ళు గట్లు చదును చేసి కలిపేసుకున్నారు. సాళ్ళు కాలవకు అడ్డంగా తిన్నగా పోయాయి. ఒక పాతికేళ్ళ కుర్రవాడు పార పట్టుకుని, చీలమండ లోతు నీళ్ళలో గండి కొడుతూ కనిపించాడు.

"బాబూ, ఇక్కడ కాలవుండాలి" అన్నాడు బావ.

"కాలవా? ఏ కాలవ? మేం కౌలుకు తీసుకున్నప్పటి నుంచీ ఇది చేనే" అన్నాడు ఆ కుర్రవాడు. "రాత్రి ఏ దొంగ వెధవ వదిలాడో ఈ నీళ్ళు. నాది మెరక, నాకు ఫర్వాలేదు. పల్లంలో ముసలమ్మ మునిగిపోయింది, అటు చూడండి."

పల్లంలో ఒక చిన్న వేరుశెనగ చేను. పీకి, కుప్పలు వేసి, ఎండబెట్టుకున్న పంట. కుప్పలన్నీ నీళ్ళలో తేలుతున్నాయి. తడిసిన వేరుశెనగ రెండు రోజుల్లో మొలకెత్తుతుంది, లేకపోతే బూజు పడుతుంది. ఒక ముసలావిడ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ఒక్కో చెట్టూ ఏరి గట్టు మీదికి విసురుతోంది. చేతికందిన ప్రతి చెట్టుకూ కాయలు నొక్కి చూసుకుంటోంది. మమ్మల్ని చూసి ఆగింది.

"కాలవోళ్ళా మీరు?" అంది.

"అవునమ్మా. నీళ్ళు నేనే వదిలాను" అన్నాడు బావ. నేను ఆయన చొక్కా లాగుతూనే ఉన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నా మొగుడు బతికుండగా మీ ఆఫీసు చుట్టూ తిరిగాడు నీళ్ళ కోసం. అప్పుడు రాలేదు. ఈ రోజెందుకు వచ్చాయి బాబూ?" అని, మళ్ళీ వంగి ఏరుకోవడం మొదలుపెట్టింది.

పిడి ఇంట్లో ఉంది. నేను అక్కకు ఫోన్ చేశాను. ఏమైందో చెప్పకుండా, పిడి తీసుకుపోయి తలుపు దించెయ్యమన్నాను. ఎత్తమని పోట్లాడిన మనిషే పరుగున పోయి ఒంటరిగా దించింది. బావ నీళ్ళలో దిగి ముసలమ్మతో పాటు ఏరబోయాడు. తడిసిన చెట్లు ఏరినవి ఏరినట్టే ఆయన చేతుల్లోంచి జారిపోతున్నాయి. వయసు కుర్రాళ్ళు ఎవరన్నా వస్తే గానీ కాదు, పద, అడ్డదారిన అల్లుడి ఊరు దగ్గరే, అతన్ని తీసుకొద్దాం అని నేనే ఆయన్ని గట్టెక్కించాను.

అల్లుడు చేలో మొక్కజొన్న పచ్చిగానే కోసేస్తున్నాడు, మేతకు. సగం చేను అప్పటికే నేలమీద ఉంది. మా మేనకోడలు కట్టలు కడుతోంది. మమ్మల్ని చూసి ఇద్దరూ ఆగారు. నేనే చెప్పాను. నిన్న మీ మామగారు కింది తలుపు ఎత్తారు, నీళ్ళు మధ్యలోనే చేలమీద పడ్డాయి అని. అంతవరకే చెప్పాను.

అల్లుడు నా వైపు ఒక అడుగు వేశాడు. "ముసలమ్మ కుప్పలు వేసుకుందా, ఇంకా పీకలేదా?" అన్నాడు.

"కుప్పలు మునిగాయి" అన్నాను.

కొడవలి అక్కడే పడేసి, కొట్టంలోంచి టార్పాలిన్ పట్టాలు, గంపలు తీసుకుని, పక్క చేలల్లో ఉన్న ఇద్దరు ముగ్గుర్ని కేకేసి, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. మామగారి వైపు చూడనైనా లేదు. అతనికి ముసలమ్మ సంగతి ఎలా తెలుసునని నేను అనుకుంటూ ఉండగానే బావ కోపం పొంగింది. భయమేసినప్పుడు ఆయనకు కోపమే వస్తుంది.

"చూశావా? మీ కోసం ఉద్యోగం పణంగా పెట్టి ఎత్తానే. ఒక్క మాటన్నాడా? ముందే వచ్చి మామయ్యా అని నోరు తెరిచి అడిగి ఉంటే, ఎలా తేవాలో ఆలోచించి తెచ్చేవాణ్ణి గదా?" అన్నాడు కూతురితో.

ఆ పిల్ల కట్టిన కట్ట మీద కూర్చుంది. చాలా అలిసిపోయి ఉంది.

"కాలవ దున్నేశారని ఆయనకు అప్పుడే తెలుసు నాన్నా. గట్లు తవ్వుతుంటే పోయి అడ్డం పడ్డాడు. తన్ని పంపించారు. నువ్వు తలుపెత్తితే ఆ నీళ్ళు మాకు రావు, తిన్నగా ముసలమ్మ పల్లంలోకి పోతాయి. మేం ఒక్క మాట అడిగితే నువ్వు ఎత్తకుండా ఉండలేవు. అందుకే తను అడగలేదు, నన్నూ అడగనివ్వలేదు."

"మరి ఆ సంగతైనా నాకు చెప్పొచ్చు గదమ్మా? కాలవ లేదని" అన్నాడు బావ.

"ప్రతి కారుకూ ఆ తలుపుకు గ్రీజు పెట్టుకుంటావని అమ్మ చెప్పేది. మీ నాన్నకు ఈ సంగతి తెలిస్తే ఇంక అక్కడ ఏమని కూర్చుంటాడు, ఊరుకో అన్నాడు ఆయన" అంది.

బావ వెనక్కి తిరిగి, అల్లుడు వెళ్ళిన దారినే నడిచాడు. నేను వెనకే పోయాను. పల్లంలో అల్లుడూ, అతని మనుషులూ కుప్పలు మోస్తున్నారు. బావ నీళ్ళ అంచున నిలబడ్డాడు గానీ అతన్ని పిలవలేకపోయాడు. అతనే తలెత్తి చూసి, "మీరు దిగకండి మామయ్యా, అడుగున జారుడుగా ఉంది" అన్నాడు.

సగానికి పైగా కాయ కుళ్ళిపోయింది. సంగతి తెలిసి ఆఫీసు వాళ్ళు బావ దగ్గర్నుంచి పిడి తీసేసుకున్నారు. ఆ వారంలోనే అల్లుడూ మా మేనకోడలూ పశువుల్ని అమ్మి, ఆ డబ్బులో కొంత ముసలమ్మ చేతిలో పెట్టి, ఇల్లు తాళం వేసి పట్నం బస్సెక్కారు. ఎక్కించడానికి నేనూ అక్కా పోయాం. బావను కూడా రమ్మన్నాను. రానన్నాడు. ఎందుకని అడిగితే, ఇన్నేళ్ళూ వాడు నన్ను కాపాడుతూ ఉంటే నేను వాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నానురా, వాడి ముఖం ఎలా చూడమంటావు అన్నాడు.